తొమ్మిది రోజులుగా తినని డ్వార్ఫ్ లయన్‌ఫిష్: ముందు దాని కడుపు సంగతి చూద్దాం

మీరు రాసింది రెండుసార్లు చదివానండి. మీరు భీమవరం దగ్గర వనామీ రొయ్యల చెరువులు చేస్తున్నారు. ఇంట్లో 150 లీటర్ల ఉప్పునీటి ట్యాంకులో నాలుగంగుళాల ఫజ్జీ డ్వార్ఫ్ లయన్‌ఫిష్‌ని, అంటే విషపు ముళ్ళుండే పొట్టి రకం సముద్రపు చేపని, ఒక్కదాన్నే పెంచుతున్నారు. మూడు నెలలుగా రోజూ సాయంత్రం చెరువులోంచి తెచ్చిన రెండంగుళాల రొయ్యలు, బతికున్నవి, రెండు మూడు వేస్తున్నారు. తొమ్మిది రోజుల క్రితం మూడు మింగింది. తెల్లారేసరికి ఒకదాన్ని సగం అరిగాక కక్కేసింది. రెండు మూడు రోజులు పొట్ట ఉబ్బి ఉండి తగ్గింది గానీ, అప్పటి నుంచి ఏమీ ముట్టడం లేదు. వెనక తెల్లటి దారం వేలాడుతోంది. నీళ్ళు అంతర్వేది నుంచి తెచ్చుకుంటారు, చివరిసారి మార్చింది రెండు వారాల క్రితం, ఇప్పుడు సెలైనిటీ, అంటే నీటి ఉప్పదనం, 24 పీపీటీ (లీటరుకి సుమారు 24 గ్రాముల ఉప్పు) చూపిస్తోంది. మీరు మూడు సంగతులు అడిగారు. ఇది మన రొయ్యకొచ్చే వైట్ గట్ (తెల్లటి మలం వచ్చే పేగు జబ్బు) లాంటిదేనా? చెరువుకి వాడే గట్ ప్రోబయోటిక్, లివర్ టానిక్ ట్యాంకులో వేయొచ్చా? రొయ్య మానేసి చికెన్ లివర్ పెట్టొచ్చా?

మూడింటికీ నా జవాబు కాదు, వద్దు అనే. మీరు రాసిన లక్షణాలను బట్టి దీనికి రోగం కన్నా అజీర్తే ఎక్కువ కనిపిస్తోంది. రోజూ మోతాదుకు మించి తిన్న కడుపు మీద, నీటి ఉప్పు ఒక్కసారిగా పడిపోవడం తోడైంది. ఈ స్థితి నుంచి చాలా చేపలు తేరుకుంటాయి. మందుల హడావుడిలో పోయిన చేపల్నే నేను ఎక్కువ చూశాను. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

నేను కాకినాడలో ఉంటాను. ఉప్పాడ వైపు రొయ్య హేచరీల్లో చాలా ఏళ్ళు పనిచేశాను. లయన్‌ఫిష్‌లు పెంచడం 2011లో మొదలుపెట్టాను. చెరువు మనిషి ఆలోచన ఎలా ఉంటుందో నాకు తెలుసు, నేనూ అక్కడి నుంచే వచ్చాను. మనం రోజుకు నాలుగుసార్లు మేత వేస్తాం, గంట రెండు గంటలకు చెక్ ట్రే (మేత మిగిలిందో లేదో చూడటానికి నీళ్ళలో ముంచి ఉంచే పళ్ళెం) ఎత్తి చూస్తాం, ట్రే ఖాళీ అయితే మేత పెంచుతాం. రొయ్యకి ఆ లెక్క సరిపోతుంది. దాని పేగు సన్నటి తిన్నని గొట్టం, తిన్నది కొన్ని గంటల్లో బయటికి వచ్చేస్తుంది. వేసింది తినేసిందంటే ఇంకా ఆకలి ఉన్నట్టే.

లయన్‌ఫిష్ విషయంలో ఆ చెక్ ట్రే లెక్క పూర్తిగా తప్పుతుంది. ఇది కదలకుండా కాపు కాసి, ఎదురుగా వచ్చిన దాన్ని నోటితో ఒక్కసారిగా పీల్చి, నమలకుండా మొత్తం మింగే జాతి. సముద్రంలో దానికి రేపు తిండి దొరుకుతుందన్న నమ్మకం లేదు. అందుకే దొరికినప్పుడు ఆకలితో పని లేకుండా మింగుతుంది. ఈ జాతుల కడుపు పెద్ద భోజనం తర్వాత మామూలు పరిమాణానికి 30 రెట్లకు పైగా సాగగలదని పరిశోధనల్లో తేలింది. అంతే కాదు, 12 వారాలకు పైగా తిండి లేకపోయినా చనిపోకుండా తట్టుకున్నట్టు కూడా నమోదైంది. ఈ రెండూ కలిపి చూడండి. అది మీ చేతి వైపు ఈదుకుంటూ వచ్చి రెక్కలు విప్పి నిలబడిందంటే ఆకలేసిందని అర్థం కాదు. అలాగే తొమ్మిది రోజులు తినలేదంటే చచ్చిపోతుందనీ కాదు. నాలుగంగుళాల పుష్టిగా ఉన్న చేపకి ఇది భయపడాల్సిన కాలం కాదు. ఒకటిన్నర అంగుళం పిల్లయితే నేను వేరేగా చెప్పేవాణ్ణి.

మింగిన రెండంగుళాల రొయ్య పెంకుతో సహా అరిగి కిందికి దిగడానికి ఒకటి రెండు రోజులు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. మీరు నిన్నటిది అరగకముందే ఇవాళ్టిది వేస్తున్నారు. మూడు నెలలుగా ఆ కడుపుకి విశ్రాంతి లేదు. పైగా నాలుగంగుళాల చేపకి రెండంగుళాల రొయ్య అంటే దాని ఒంట్లో సగం పొడవు. నేను పాటించే కొలత ఒకటి ఉంది: ముక్క మందం చేప రెండు కళ్ళ మధ్య దూరాన్ని మించకూడదు, పొడవు చేప పొడవులో నాలుగో వంతు దాటకూడదు. ఈ కొలత పెట్టుకున్నాక నా ట్యాంకుల్లో కక్కడం దాదాపు ఆగిపోయింది. బతికున్న వనామీ తలమీద రంపంలాంటి ముల్లు, తోక మధ్యలో సూది మొన ఉంటాయి కదా. మింగేటప్పుడు అవి గొంతులో, కడుపు గోడలో గీసుకుంటాయి. పెద్ద రొయ్య వేయాల్సి వస్తే ఆ రెండూ కత్తెరతో తీసేసి వేయాలి.

ఇప్పుడు ఆ తెల్ల దారం సంగతి. మీ టెన్షన్ అంతా దాని గురించేనని అర్థమైంది. చెరువులో గట్టు వారగా తెల్లటి దారాలు తేలుతుంటే గుండె జారిపోతుంది. ఈహెచ్‌పీ అనే పరాన్నజీవో, విబ్రియో బాక్టీరియానో, పంట పోతుందేమో అనిపిస్తుంది. కానీ ఈహెచ్‌పీ రొయ్య కాలేయగ్రంథిలో పెరిగే సూక్ష్మజీవి, అది చేపకి రాదు. రొయ్యకొచ్చే వైట్ స్పాట్ వైరస్ కూడా చేపని జబ్బు పరచదు. కాబట్టి చెరువు రొయ్య తినడం వల్ల వైట్ గట్ దీనికి అంటుకుందన్న బాధ వదిలేయండి.

మరి తెల్లగా ఎందుకు వస్తోంది? ఉప్పునీటి చేప ఒంట్లోని నీటిని చుట్టూ ఉన్న ఉప్పు ఎప్పుడూ లాగేస్తుంటుంది. ఆ లోటు తీర్చుకోవడానికి అది సముద్రపు నీళ్ళు తాగుతూనే ఉంటుంది, తిండి తిన్నా తినకపోయినా. తాగిన నీళ్ళలోని కాల్షియం పేగులో కార్బనేట్‌గా మారి, అంటే సున్నంలా గట్టిపడి, జిగురులో చుట్టుకుని బయటికి వస్తుంది. కడుపు నిండా తిండి ఉన్నప్పుడు అది మలంలో కలిసిపోయి మన కంటికి కనిపించదు. ఖాళీగా ఉన్నప్పుడు ఆ సున్నం, జిగురు మాత్రమే తెల్లటి దారంలా, గొట్టంలా వస్తాయి. తొమ్మిది రోజులుగా తినని సముద్రపు చేప వెనక తెల్ల దారం కనిపించడం ఖాళీ పేగు గుర్తు. దాన్ని ఒక్కదాన్నే పట్టుకుని పురుగుల మందు మొదలుపెట్టకూడదు.

తెల్ల మలాన్ని నేను సీరియస్‌గా తీసుకునేది వేరే సందర్భంలో. చేప బాగా తింటోంది, తిన్న మర్నాడు కూడా మలం తెల్లగా సాగుతూనే ఉంది, తల పెద్దదిగా కనిపిస్తూ వీపు కండ సన్నబడుతోంది, పొట్ట లోపలికి పీక్కుపోతోంది. అప్పుడు పేగులో పరాన్నజీవులు ఉన్నాయని అనుమానించాలి. మీ చేప పై నుంచి చూస్తే ఎలా ఉందో రాయలేదు. ట్యాంకు పై నుంచి ఒక ఫోటో తీయండి. తల వెనక భాగం తల వెడల్పుకి దగ్గరగా ఉంటే ఒంట్లో నిల్వలు ఉన్నట్టే.

ఒక మాట ముందే చెప్పాలి. పొట్ట నొక్కి చూద్దామనో, దగ్గరగా ఫోటో తీద్దామనో చేత్తో పట్టుకోకండి. వీపు మీద ముళ్ళు, కింద పొట్ట దగ్గరి రెక్కల ముళ్ళు, తోక ముందున్న రెక్క ముళ్ళు, అన్నిటిలో విషం ఉంటుంది. వలతో పడితే ముళ్ళు చిక్కుకుని చేపా గాయపడుతుంది, మీరూ గాయపడతారు. పారదర్శకంగా ఉన్న ప్లాస్టిక్ డబ్బా ముంచి మెల్లగా అందులోకి తోలండి. ఒకవేళ గుచ్చుకుంటే చెయ్యి కాలనంత వేడి నీళ్ళలో, సుమారు 45 డిగ్రీలు, అరగంట నుంచి గంటన్నర దాకా ఉంచాలి. ఆ విషం వేడికి చెడిపోతుంది. నొప్పితో ఉన్న చేతికి వేడి సరిగ్గా తెలియదు కాబట్టి ఇంకొకరి చేత చూపించుకుని పెట్టండి. ఆసుపత్రికి కూడా వెళ్ళండి.

కక్కడం గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే మీ కథలో మొదటి గుర్తు అదే. లయన్‌ఫిష్ కక్కడానికి నేను చూసిన కారణాలు నాలుగు. ముక్క మరీ పెద్దదవడం, తిన్న వెంటనే బెదరడం, నీటి ఉష్ణోగ్రత దిగిపోవడం, నీళ్ళు చెడటం. మన వైపు వేసవిలో ట్యాంకు నీళ్ళు పగలు 31, 32కి పోతాయి. రాత్రి ఆ గదిలో ఏసీ వేస్తే తెల్లారేసరికి 26 అవుతాయి. పగలు వేడిలో మింగింది రాత్రి చల్లబడితే అరుగుదల మందగిస్తుంది, అరగని మాంసం లోపలే కుళ్ళి గ్యాస్ పడుతుంది, పొట్ట ఉబ్బుతుంది, చివరికి బయటికి తోసేస్తుంది. అదీ కాక అరిగించుకోవడానికి చేపకి మామూలు కన్నా ఎక్కువ ఆక్సిజన్ కావాలి. వేడి నీళ్ళలో ఆక్సిజన్ తక్కువ. కడుపు నిండిన రాత్రే కరెంటు పోయి పంపులు ఆగితే ఆ చేప పడే అవస్థ మీకు చెప్పక్కర్లేదు, ఏరేటర్ ఆగిన చెరువు ఎలా ఉంటుందో మీకు తెలుసు. బ్యాటరీతో నడిచే చిన్న ఏరేటర్ ఒకటి తప్పకుండా పెట్టుకోండి. మేత ఎప్పుడూ సాయంత్రం దీపాలు తగ్గే వేళ వేయండి, అది వాటికి సహజమైన వేట సమయం. కానీ ఆ రాత్రి ఏసీతో నీళ్ళు చల్లబడకుండా చూడండి. 25 నుంచి 27 మధ్య నిలకడగా ఉంటే చాలు.

మీ విషయంలో మాత్రం అసలు దెబ్బ సెలైనిటీదేనని నాకు అనిపిస్తోంది. అంతర్వేది అంటే వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే చోటు. వరదల నెలల్లో, జూలై నుంచి సెప్టెంబరు దాకా, అక్కడ తీరంలో దొరికే నీటిలో నది నీరే ఎక్కువ. ఎర్రటి ఒండ్రుతో పాటు ఉప్పు కూడా పడిపోతుంది. ఎండాకాలంలో అదే చోట తెచ్చినప్పుడు 32, 33 ఉండి ఉంటుంది. మీరు చివరిసారి మార్చింది ఆ వరద నీరే అయి ఉంటుంది, ట్యాంకు ఒక్కరోజులో 24కి దిగి ఉంటుంది. ఉప్పు తగ్గినంత మాత్రాన లయన్‌ఫిష్ చావదు, కానీ ఒక్కసారిగా మారితే దాని పేగు పనితీరే మారాలి, ఎందుకంటే నీటి లెక్క సరిచూసుకునేది ఆ పేగుతోనే. అప్పటికే నిండి ఉన్న కడుపుకి ఇది అదనపు బరువు.

మీ రిఫ్రాక్టోమీటర్ (ఉప్పు కొలిచే పరికరం) చెరువు దగ్గర వాడేదే అయితే ముందు అది సరిగ్గా చూపిస్తోందో లేదో తేల్చుకోండి. డిస్టిల్డ్ వాటర్ చుక్క వేస్తే సున్నా చూపించాలి. వీలుంటే 35 పీపీటీ స్టాండర్డ్ ద్రావణంతో కూడా సరిచూడండి, ఎందుకంటే సున్నా దగ్గర సరిగ్గా ఉన్నా పైన తేడా చూపించేవి ఉంటాయి. 24 నిజమే అని తేలితే మంచి సాల్ట్ మిక్స్‌తో రోజుకు ఒకటి, మహా అయితే రెండు పీపీటీ చొప్పున 33 నుంచి 35 దాకా పెంచండి. ఉప్పుని నేరుగా ట్యాంకులో పోయకూడదు. వేరే బకెట్‌లో కలిపి, ఏరేషన్ ఇచ్చి, నీళ్ళు తేటపడ్డాక కొద్దికొద్దిగా పోయాలి. ఉప్పు తగ్గించడం కన్నా పెంచడమే చేపకి ఎక్కువ కష్టం, తొందరపడొద్దు.

అమ్మోనియా, నైట్రైట్, పీహెచ్, ఆల్కలినిటీ పరీక్షలకి మీకు ఇబ్బంది లేదు. భీమవరంలో ఆక్వా ల్యాబులకి చెరువు నీళ్ళు తీసుకెళ్ళేటప్పుడే ట్యాంకు నీళ్ళు కూడా ఒక సీసాలో పట్టుకెళ్ళండి, ఇది ఉప్పునీటి ట్యాంకు అని చెప్పండి. అమ్మోనియా ఏమాత్రం కనిపించకూడదు. పీహెచ్ 8.1 నుంచి 8.4, ఆల్కలినిటీ (పీహెచ్‌ని నిలకడగా ఉంచే గుణం) వాళ్ళ లెక్కలో, అంటే లీటరుకి మిల్లీగ్రాముల్లో, 140 నుంచి 160 మధ్య ఉంటే బాగుంటుంది. పీహెచ్ 8 దాటిన నీళ్ళలో కొద్దిపాటి అమ్మోనియా కూడా విషమే. కక్కిన రొయ్య ముక్క రాళ్ళ మధ్య ఇంకా ఉందేమో వెతికి సైఫన్‌తో లాగేయండి. ఈ చిన్న పని చాలామంది మర్చిపోతారు.

ఇక తిండి. ఇందులో నా సొంత నష్టం ఒకటి చెప్పాలి. 2014లో నా దగ్గర జీబ్రా డ్వార్ఫ్ లయన్‌ఫిష్ ఒకటి ఉండేది, ఎదిగిన చేప, చేతి నీడ చూసి పైకి వచ్చేది. అక్వేరియం షాపులో ఒకాయన చిన్న గోల్డ్‌ఫిష్‌లు వేయండి, చవక, బాగా ఎదుగుతుంది అన్నాడు. ఆరు నెలలు అవే వేశాను. మొదట గురి తప్పడం మొదలైంది. గోల్డ్‌ఫిష్ ఎదురుగా ఉన్నా అంగుళం పక్కన నీళ్ళు మింగేది. తర్వాత ఉన్నట్టుండి ఒళ్ళు వంకరగా తిప్పి ఈదేది. మూడో వారానికి పోయింది. ఆ రోజుల్లో నాకు ఏమీ అర్థం కాలేదు, నీళ్ళు బాగానే ఉన్నాయి. తర్వాత తెలిసింది. గోల్డ్‌ఫిష్, మన బంగారుతీగ లాంటి కార్పు కుటుంబం చేపల్లో థయమినేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. అది తినే చేప ఒంట్లో బీ1 విటమిన్‌ని నాశనం చేస్తుంది. బీ1 లేకపోతే ఆకలి చచ్చిపోతుంది, నరాలు దెబ్బతింటాయి, గురి పోతుంది. ఫ్రీజర్‌లో పెట్టినా ఆ ఎంజైమ్ చావదు, వేడి చేస్తేనే పోతుంది. అందుకే మీ ట్యాంకులో ఈ చేప తిన్నన్నాళ్ళూ గురి తప్పేదా లేదా అన్నది గుర్తు తెచ్చుకుని రాయండి. నాకు అది ముఖ్యం.

ఆ థయమినేజ్ కొన్ని సముద్రపు చేపల్లో కూడా ఉంటుంది. మన మార్కెట్‌లో చవగ్గా దొరికే నెత్తళ్ళు, కవళ్ళ జాతుల్లో చాలావాటిలో ఉంది, కొన్ని రొయ్యల్లోనూ ఉంది. ఎప్పుడో ఒకసారి పెడితే ప్రమాదం లేదు. నెలల తరబడి అదే పెడితే నా జీబ్రాకి జరిగిందే జరుగుతుంది. మీరు మూడు నెలలు రొయ్య ఒక్కటే వేశారు. రొయ్య చెడ్డ తిండి కాదు, లయన్‌ఫిష్‌కి అది సహజమైన ఆహారమే. ఒక్కటే అవడం చెడ్డది. చెరువు రొయ్యతో ఇంకో చిక్కు కూడా ఉంది. ఆ చెరువులో ఆ వారం ఏ మందు చల్లారో, మేతలో ఏం కలిపారో అదంతా దాని ఒంట్లో ఉంటుంది. మందు పడిన చెరువు రొయ్య ట్యాంకులోకి రాకూడదు.

చికెన్ లివర్ సంగతి మీరొక్కరే కాదు, ఈ చుట్టుపక్కల చాలామంది అడుగుతారు. పండుగప్పకి కూడా కొందరు కోడి వ్యర్థాలు వేస్తుంటారు కదా, అలాంటి ఆలోచనే. కోడి కొవ్వు సముద్రపు చేపకి సహజమైన తిండి కాదు. చేప దాన్ని సరిగ్గా వాడుకోలేదు, అది కాలేయంలో పేరుకుంటుంది. ఇప్పటికే మూడు నెలలు రోజూ తిన్న చేప కాలేయానికి కొవ్వు పట్టి ఉండొచ్చు, దాని మీద ఇది వేస్తే ఇంకా పాడవుతుంది. నాలుగు రోజులు పస్తున్నా పొట్ట గుండ్రంగానే ఉందంటే అది తిండి కాదు, కొవ్వు అని గుర్తుపెట్టుకోండి. కోడి, మేక, గొడ్డు మాంసం, ఏ భాగమైనా సరే, సముద్రపు చేపకి వద్దు.

మరి ఏం పెట్టాలంటే, వారంలో ఒకసారి రొయ్య, ఒకసారి కొయ్యింగ గానీ పండుగప్ప గానీ కండ సన్నటి పట్టీలుగా కోసి, ఒకసారి స్క్విడ్ ముక్క, అప్పుడప్పుడు చిన్న పీత మాంసం. రొయ్య వేసినప్పుడు చిన్నది పెంకుతోనే వేయండి, పెంకులో కాల్షియం ఉంటుంది. అన్నీ తాజాగా కొని, మోతాదు ప్రకారం కోసి, వారం రోజులు గట్టిగా గడ్డకట్టించి వాడితే పురుగులు చాలావరకు చస్తాయి. బాక్టీరియా మాత్రం అలా చావదు, కాబట్టి మెత్తబడ్డ చేప, వాసన వచ్చిన రొయ్య కొనకూడదు. కరిగించాక ఆ నీళ్ళు పారబోసి, థయమిన్ ఉన్న విటమిన్ చుక్కలు ఒకటి రెండు వేసి పది నిమిషాలు నాననిచ్చి పెట్టండి. బతికున్నది తప్పనిసరి అయితే గోల్డ్‌ఫిష్ బదులు మోలీలు (అక్వేరియం షాపులో దొరికే చిన్న చేపలు) వాడండి. మోలీని కొన్ని గంటల పాటు చుక్క చుక్కగా ఉప్పునీటికి అలవాటు చేస్తే అందులోనే బతుకుతుంది, మీరే వేరే తొట్టెలో పెంచి మంచి మేత తినిపించి వేయొచ్చు.

ఎదిగిన డ్వార్ఫ్‌కి వారానికి మూడుసార్లు చాలు. పూటకి దాని కన్ను కన్నా కొంచెం పెద్ద ముక్కలు రెండు మూడు. పొట్ట కాస్త గుండ్రంగా కనబడగానే ఆపేయాలి. మీకు కష్టమనిపించేది ఇదే, నాకు తెలుసు. అది అద్దం దగ్గరికి వచ్చి అడుగుతుంటే ఇంట్లో పిల్లలు కూడా వేద్దాం వేద్దాం అంటారు. మా ఇంట్లోనూ అంతే. మేత డబ్బా ఒక్కరి చేతిలోనే ఉండాలి, వేసిన రోజు క్యాలెండర్ మీద రాయాలి.

ఇప్పుడు మీ చేపని మళ్ళీ తినిపించడం ఎలా అన్నది. ముందు మూడు నాలుగు రోజులు ఏమీ చూపించకండి. ఆ రోజుల్లో సెలైనిటీ సరిచేయండి, లైటు తగ్గించండి, ట్యాంకు ముందు అలికిడి తగ్గించండి. చర్మం పైపొర ఊడి పల్చటి పొరలా నీళ్ళలో తేలుతుంటే కంగారుపడకండి. ఈ జాతులు అప్పుడప్పుడు పైపొర విడుస్తాయి, ఆ ఒకటి రెండు రోజులు తిండి మానేయడం మామూలే. ఊపిరి వేగం మాత్రం రోజూ ఒకే వేళకి నిమిషం పాటు లెక్కపెట్టి రాసుకోండి. తగ్గుతూ వస్తే మంచి గుర్తు.

ఆ తర్వాత సాయంత్రం మడ వైపు కాలవల్లో దొరికే అంగుళంలోపు చిన్న రొయ్య ఒక్కటి, ఒక్కటే, బతికున్నది వేయండి. దానికి ముందు రోజంతా మంచి మేత తినిపించి ఉంచండి. చిన్నది, కదిలేది అయితే వేట బుద్ధి మేల్కొంటుంది. పది నిమిషాల్లో పట్టకపోతే తీసేయండి. రాత్రంతా వదిలేస్తే నిద్రపోతున్న చేపని రొయ్యే గీకుతుంది. తింటే రెండు పూర్తి రోజులు ఆగి, కక్కలేదని, మలం రంగు వచ్చిందని చూసుకుని, మళ్ళీ ఒకటి వేయండి. ఇలా నాలుగైదు సార్లు నిలబడ్డాక చచ్చిన ముక్కలకి మార్చాలి.

దానికి మన కోనసీమలో కొబ్బరి ఈనెని మించిన సాధనం లేదు. పొడవుగా, సన్నగా ఉంటుంది, నీళ్ళలో అంతగా కనిపించదు, వంగుతుంది. మొన మాత్రం గీసి మొద్దుగా చేయండి, లేకపోతే విసురుగా మింగినప్పుడు అంగిట్లో గుచ్చుకుంటుంది. ముక్కని మొనకి వదులుగా తగిలించి, చేప ముఖానికి అర అడుగు దూరంలో, కొంచెం కిందగా, రొయ్య వెనక్కి ఎగిరినట్టు ఒక్క కుదుపు కుదిపి ఆపాలి. ఆపడమే ముఖ్యం, అదేపనిగా ఊపితే బెదురుతుంది. రాళ్ళకి, అద్దానికి దగ్గరగా పెట్టొద్దు. గురి తప్పి మూతి కొట్టుకుంటే దవడ దెబ్బతిని అసలు నోరే తెరవలేని పరిస్థితి వస్తుంది. పండుగప్ప పిల్లని పెల్లెట్ మేతకి (గుళికల మేత) అలవాటు చేసేటప్పుడు ఎంత ఓపిక పడతామో ఇక్కడా అంతే. 2019లో నా దగ్గరకొచ్చిన ఒక ఫజ్జీ 23 రోజులు ఏమీ తినలేదు, 24వ రోజు సాయంత్రం చిన్న రొయ్య పట్టింది. రెండు నెలల్లో ఈనె మీద స్క్విడ్ తినడం నేర్చుకుంది.

మందుల విషయం చివరికి ఉంచింది కావాలనే. గట్ ప్రోబయోటిక్, లివర్ టానిక్ చెరువు మేతకి పట్టించే సరుకు. వాటిలో నూనెలు, బెల్లంలాంటివి, పొడులు ఉంటాయి. ఎకరం చెరువులో తెలియదు, 150 లీటర్లలో నురగ కట్టి, బాక్టీరియా ఒక్కసారిగా పెరిగి, రాత్రికి రాత్రి ఆక్సిజన్ పడిపోతుంది. తినని చేప పేగులోకి అది వెళ్ళే దారి కూడా లేదు. పొట్ట మళ్ళీ ఉబ్బి, మలం రాకపోతే మాత్రం వేరే చిన్న ట్యాంకులో, అదే సెలైనిటీ నీటిలో, ఇరవై లీటర్లకి ఒక టేబుల్ స్పూను ఎప్సం సాల్ట్ (మెగ్నీషియం సల్ఫేట్) కరిగించి రెండు మూడు రోజులు ఉంచి చూడొచ్చు.

పేగు పరాన్నజీవులన్న అనుమానం బలపడితే, అంటే తింటూనే చిక్కిపోతుంటే, మెట్రోనిడజోల్‌ని మేతలో కలిపి ఇస్తారు. మోతాదు చేప బరువును బట్టి, మేత పరిమాణాన్ని బట్టి ఉంటుంది కాబట్టి చేపల జబ్బులు తెలిసిన వెటర్నరీ డాక్టర్‌ని అడిగి వాడండి. మెడికల్ షాపులో మనుషుల విరేచనాలకిచ్చే రెండు మందుల మిశ్రమం బిళ్ళలు తెచ్చి వేయకండి. మీకు ఇంకో హెచ్చరిక కూడా తప్పదు, ఎందుకంటే మీరు రొయ్య రైతు. మెట్రోనిడజోల్ మన రొయ్యల సాగులో నిషేధించిన మందుల జాబితాలో ఉంది. ఆ మందు వాడిన ట్యాంకు నీళ్ళు, బకెట్, వల, మిగిలిన మేత, ఏదీ చెరువు గట్టు దరిదాపులకి వెళ్ళకూడదు. ఇంటి చేప కోసం వాడింది ఎగుమతి పరీక్షలో మీ పంట మీద పడితే ఆ నష్టం ఎవరూ తీర్చలేరు. వాడాల్సి వస్తే ఇంటి దగ్గరే, వేరే సామానుతో, చెరువులో పనిచేసే మనిషి చెయ్యి పెట్టకుండా చేయండి.

రేపు నాకు మూడు సంగతులు రాయండి: పై నుంచి తీసిన ఫోటో, ల్యాబ్ చెప్పిన అమ్మోనియా, నిమిషానికి ఎన్నిసార్లు మొప్పలు ఆడిస్తోందో ఆ లెక్క. ఊపిరి బాగా వేగంగా ఉన్నా, అడుగున పక్కకి ఒరిగి పడుకున్నా, ఈ నాలుగు రోజుల విరామం లెక్క మారుతుంది, వెంటనే చెప్పండి. అవేమీ లేకపోతే సెలైనిటీ పనితో మొదలుపెట్టండి. తొలి రొయ్య పట్టిన సాయంత్రం ఇంకోటి వేయాలనిపిస్తుంది, ఇంట్లో వాళ్ళూ అంటారు. ఆ రోజు రెండోది మాత్రం వేయకండి.